బ్రూనోకి కిడ్నీ జబ్బు, క్రియాటినిన్ 3.4: తిండి ఏం పెట్టాలి?

బ్రూనో_అమ్మ (ఎంవీపీ కాలనీ, విశాఖ)

అందరికీ నమస్కారం. మా బ్రూనో లాబ్రడార్, తొమ్మిదేళ్లు దాటాయి. ఈమధ్య గిన్నెలో నీళ్లు పోయడమే ఆలస్యం, ఖాళీ చేసేస్తున్నాడు. అర్ధరాత్రి లేపి మరీ లిఫ్ట్ దగ్గరికి లాక్కెళ్తున్నాడు. నిమిరితే వెన్నెముక చేతికి తగులుతోంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ 3.4, ఫాస్ఫరస్ 6.8 వచ్చాయి. స్కానింగ్‌లో రెండు కిడ్నీలూ చిన్నవైపోయాయన్నారు, రాళ్లు లేవు. డాక్టరుగారు రీనల్ డైట్ (కిడ్నీ జబ్బు కుక్కలకని చేసిన తిండి) రాశారు. వీడేమో వాసన చూసి మొహం తిప్పేసుకుంటున్నాడు.

ఇంట్లో తలో మాట. మాంసం పూర్తిగా ఆపేసి పెరుగన్నం పెట్టమని అత్తయ్యగారు. నీరసంగా ఉన్నాడు కాబట్టి లివరు, బొక్కల సూపు పెడదామని మావారు. ఎదురింటి ఆంటీ రోజూ కొబ్బరినీళ్లు పట్టమన్నారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. ఈ జబ్బుతో కుక్కని చూసుకున్నవాళ్లు ఉంటే దయచేసి వివరంగా చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

సింహాచలం_టామీ

కొండపిండి ఆకు పప్పులో వేసి పెట్టండి మేడమ్. ఉలవచారు కూడా మంచిది. మా నాన్నగారికి కిడ్నీ ప్రాబ్లం వస్తే దాంతోనే తగ్గింది.

గాజువాక_రాకీ

టామీ గారూ, ఆ రెండూ మనవాళ్లు రాళ్లకు వాడేవి. బ్రూనోకి రాళ్లు లేవని స్కానింగ్‌లోనే తేలింది. ఇది కిడ్నీ కణజాలమే పాడైన జబ్బు. పైగా ఉలవల్లో, పప్పుల్లో ఫాస్ఫరస్ బాగా ఉంటుంది. ఇప్పుడు తగ్గించాల్సిందే అది.

బ్రూనో అమ్మగారూ, మా రాకీ ఈ జబ్బుతో మా దగ్గర హాయిగా చాలాకాలమే బతికాడు, కాబట్టి ముందు ధైర్యంగా ఉండండి. కుక్కల కిడ్నీ జబ్బును ఐరిస్ అనే పద్ధతిలో, రక్తంలోని క్రియాటినిన్‌ని బట్టి నాలుగు స్టేజీలుగా చూస్తారు. క్రియాటినిన్ 1.4 నుంచి 2.8 వరకు రెండో స్టేజీ, 2.9 నుంచి 5.0 వరకు మూడు, 5 దాటితే నాలుగు. మీవాడు మూడులో ఉన్నట్టు. కానీ ఒక్క రిపోర్టుతో స్టేజీ తేల్చరు. ఒంట్లో నీరు తగ్గినా క్రియాటినిన్ పెరుగుతుంది. ఒళ్లు తేరుకున్నాక ఇంకోసారి చేయించాలి. పరీక్షకు ముందు రాత్రి నుంచి తిండి ఆపండి, నీళ్లు మాత్రం ఎప్పుడూ ఆపొద్దు. రాత్రి ఉచ్చకు లేపుతున్నాడని గిన్నె తీసేసేవాళ్లు ఉంటారు. వాడి కిడ్నీ మూత్రాన్ని చిక్కబరచలేకపోతోంది, అందుకే అంత పోస్తున్నాడు. పోయిన నీరు తాగి నింపుకోకపోతే ఒక్కరోజులో డీలా పడిపోతాడు.

మూత్రంలో ప్రోటీన్ పోతోందో లేదో చూసే యూపీసీ పరీక్ష, బీపీ, ఈ రెండూ చేశారా?

బ్రూనో_అమ్మ

రెండూ చేయలేదండి. కుక్కకి బీపీ చూస్తారని కూడా నాకు తెలియదు.

పెందుర్తి_పశువైద్యురాలు

నేను పశువైద్యురాలిని. మందుల మోతాదులు ఇక్కడ రాయను, అవి వాడిని చేత్తో పట్టుకుని చూసిన డాక్టరే చెప్పాలి. తిండి గురించి మాత్రం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ జబ్బులో తిండే సగం వైద్యం.

ముందు మీ ఇంట్లో వాదన తేలుద్దాం. మాంసం పూర్తిగా మానేస్తే కిడ్నీ బాగుపడుతుందనే మాట చాలా ఇళ్లలో వింటాను. ప్రోటీన్ కొంత తగ్గించాలి, నిజమే. పూర్తిగా తీసేస్తే కుక్క తన కండనే కరిగించుకుంటుంది. వెన్నెముక తగులుతోందన్నారు చూడండి, అది ఇప్పటికే మొదలైంది. కాబట్టి ప్రోటీన్ తక్కువే అయినా నాణ్యమైనది ఉండాలి. అసలు పట్టుకోవాల్సింది ఫాస్ఫరస్‌ని. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. రక్తంలో పేరుకున్న ఫాస్ఫరస్ మిగిలిన కిడ్నీనీ తినేస్తుంది. మూడో స్టేజీలో 5 లోపు ఉంచడం లక్ష్యం. మీవాడికి 6.8 ఉంది.

ఈ లెక్కలో చూస్తే లివరు వద్దు. బొక్కల సూపు అసలే వద్దు. పెరుగన్నం మెత్తగా, తేలిగ్గా కనిపిస్తుంది గానీ పెరుగులో ఉన్న కేలరీలతో పోలిస్తే ఫాస్ఫరస్ ఎక్కువే. రుచికి ఒక చెంచా కలపొచ్చు, దాన్నే భోజనం చేయకూడదు. కొబ్బరినీళ్లలో పొటాషియం చాలా ఉంటుంది. కిడ్నీ జబ్బు ముదిరినప్పుడు, లేదా మూత్రంలో ప్రోటీన్ తగ్గించే బెనాజెప్రిల్, టెల్మిసార్టాన్ లాంటి మందులు వాడుతున్నప్పుడు పొటాషియం పెరిగి గుండె మీదికి రావచ్చు. రిపోర్టులో పొటాషియం చూడకుండా కొబ్బరినీళ్లు పట్టొద్దు.

కోడిగుడ్డు తెల్లసొన చాలా మంచిది. ప్రోటీన్ మేలైనది, ఫాస్ఫరస్ దాదాపు ఉండదు. పచ్చసొనలో మాత్రం దండిగా ఉంటుంది, అది మీరు తినేయండి.

లాసన్స్‌బే_అక్క

డాక్టరమ్మ చెప్పిన తెల్లసొన మా స్నూపీకి ప్రాణం. ఉడికించి, చేత్తో నలిపి, మెత్తని తెల్లన్నంలో వేడివేడి నెయ్యి వేసి కలిపేదాన్ని. ఆ వాసనకే లేచి వచ్చేది. దంపుడు బియ్యం, చోడి (రాగి) అంబలి బలమని మనకు అలవాటు గానీ, తెల్లబియ్యంతో పోలిస్తే వాటిలో ఫాస్ఫరస్ ఎక్కువ. ఈ జబ్బుకి పాలిష్ పట్టిన తెల్లన్నమే నయం.

ఇంకో మాట. చికెన్ షాపులో కుక్కలకని విడిగా కట్టి ఇస్తారు కదా, మెడలు, కాళ్లు, తలకాయలు. అది ఆపేయండి. అంతా ఎముకే. ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చే చేప తలకాయలు, ఎండు నెత్తళ్లు కూడా అంతే. నెత్తళ్లలో ఉప్పు కూడా విపరీతం.

మర్రిపాలెం_జూలీ

ఇంటి వంట గొడవ లేకుండా ప్యాకెట్ ఫుడ్ పెడితే సరిపోదా? రాయల్ కానిన్ రీనల్, హిల్స్ కె/డి రెండూ దొరుకుతున్నాయి. 2002లో అమెరికాలో కిడ్నీ జబ్బు ఉన్న 38 కుక్కల మీద ఒక అధ్యయనం చేశారు. రీనల్ డైట్ తిన్నవి సగటున 594 రోజులు, మామూలు తిండి తిన్నవి 188 రోజులు బతికాయని చదివాను. అంత తేడా ఉన్నప్పుడు ఇంట్లో ప్రయోగాలు ఎందుకు?

పెందుర్తి_పశువైద్యురాలు

జూలీ గారు చెప్పిన అధ్యయనం మూడు, నాలుగు స్టేజీల కుక్కల మీద చేసినదే. అది సగటు కాదు, మీడియన్. అంటే సగం కుక్కలు ఆ రోజులకన్నా ఎక్కువ బతికాయి, సగం తక్కువ. తేడా మాత్రం నిజం. వాడు తింటే ప్యాకెట్టే మొదటి ఎంపిక. అందులో ఫాస్ఫరస్, ఉప్పు తగ్గించి, ఒమేగా-3, బి విటమిన్లు సరిగ్గా కలిపి ఉంటారు. ఇంటి వంటలో అవన్నీ కుదరడం కష్టం. కిడ్నీ జబ్బు కుక్కలకూ పిల్లులకూ పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో ఇచ్చిన వంటకాలు 67 తీసుకుని 2012లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ వాళ్లు లెక్క చూస్తే, అన్ని పోషకాలూ సరిపోయినది ఒక్కటీ లేదు. తరచుగా లోటు పడినవాటిలో కాల్షియం ఒకటి. ఎముక లేకుండా అన్నం, మాంసం మాత్రమే పెడితే కాల్షియం ఎక్కడినుంచి వస్తుంది? దానికి గుడ్డు పెంకు పొడి వాడతాం. అది కాల్షియం కార్బొనేటే, ఎముకల పొడిలా ఫాస్ఫరస్ మోసుకురాదు. ఎంత వేయాలో బరువును బట్టి మీ డాక్టరును అడగండి. రక్తంలో కాల్షియం ఇప్పటికే ఎక్కువ ఉంటే అది కూడా వద్దు.

అయితే తినని ప్యాకెట్ వల్ల ఎవరికీ లాభం లేదు. నా దృష్టిలో అన్నిటికన్నా ముందు వాడి కడుపులోకి ఏదో ఒకటి వెళ్లాలి. రీనల్ డైట్ ముట్టకుండా మూడు రోజులు పస్తు ఉన్న కుక్క కంటే, తెల్లన్నం, తెల్లసొన, కాస్త చికెన్ తిని ఫాస్ఫేట్ బైండర్ వేసుకున్న కుక్క చాలా మెరుగ్గా ఉంటుంది.

బ్రూనో_అమ్మ

డాక్టరుగారూ, వాడు తినకపోవడానికి కారణం రుచి నచ్చకా, జబ్బు వల్లా అన్నది ఎలా తెలుసుకోవాలి?

గాజువాక_రాకీ

దీనికి నేను చెబుతానండి. వాడు గిన్నె దగ్గరికి ఆశగా వస్తాడా? వచ్చి వాసన చూశాక పెదాలు నాక్కుంటూ, గుటకలు మింగుతూ వెనక్కి వెళ్తాడా? అయితే అది వికారం. ఆకలి ఉంటుంది, కడుపు తిప్పుతుంది. తెల్లవారుజామున పసుపురంగు నురగ కక్కడం, కిందికి దింపగానే గడ్డి తినడం కూడా అదే. నోరు తెరిచి వాసన చూడండి, ఘాటుగా అమ్మోనియా వాసన వస్తే యూరియా బాగా పెరిగిందన్నమాట. చిగుళ్ల మీద పుండ్లు ఉన్నాయేమో కూడా చూడండి. నోరు మండుతుంటే గట్టి గింజలు ఎలా నములుతాడు?

వికారం తగ్గకముందే కొత్త తిండి బలవంతంగా పెడితే, ఆ తిండి వాసన వస్తేనే కడుపు తిప్పుతుందని వాడి బుర్రలో ముద్రపడిపోతుంది. తర్వాత బాగున్నా దాన్ని ముట్టడు. కాబట్టి ముందు డాక్టరుగారితో వికారం మందు (మాకు మారోపిటాంట్ ఇచ్చారు) మొదలుపెట్టించండి. రెండు రోజులాగి రీనల్ ఫుడ్ ఒక గుప్పెడు పాత తిండిలో కలపండి. గోరువెచ్చని నీళ్లలో నానబెడితే వాసన పైకి వస్తుంది. రెండు వారాలు పట్టినా తొందరపడొద్దు.

సీతమ్మధార_స్కూబీ

ఫాస్ఫేట్ బైండర్ అంటే ఏమిటండి? మా డాక్టరు కూడా అల్యూమినియం హైడ్రాక్సైడ్ రాశారు. రాత్రి పడుకునే ముందు వేస్తే సరిపోతుందా?

పెందుర్తి_పశువైద్యురాలు

సరిపోదు. అది రక్తంలోని ఫాస్ఫరస్‌ని లాగదు, పేగులో ఉన్న తిండిలోని ఫాస్ఫరస్‌ని పట్టుకుని విరేచనంలో బయటికి పంపుతుంది. ఖాళీ కడుపున వేస్తే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ప్రతి భోజనంలో కలిపి వేయాలి. మలబద్ధకం చేయవచ్చు, గమనించండి.

రెండు జాగ్రత్తలు. మెడికల్ షాపులో అసిడిటీ సిరప్ ఇచ్చి ఇదీ అదే మందు అంటారు. చాలావాటిలో మెగ్నీషియం కూడా ఉంటుంది, కిడ్నీ జబ్బులో అది మంచిది కాదు. సీసా మీద చదివి తీసుకోండి. ఇంకోటి, మన విశాఖలో పిడుదుల జ్వరం ఎక్కువ, చాలా కుక్కలు డాక్సీసైక్లిన్ మీద ఉంటాయి. దాన్ని, బైండర్‌నీ కలిపి వేస్తే డాక్సీసైక్లిన్ ఒంటికి పట్టదు. మధ్యలో కొన్ని గంటల ఎడం ఉండాలి.

అన్నట్టు బ్రూనోకి పిడుదుల జ్వరం పరీక్ష అయిందా? ఆ జ్వరం తెచ్చే ఎర్లీకియా ఒంట్లో పాతబడితే కిడ్నీలోని వడపోతను దెబ్బతీసి మూత్రంలో ప్రోటీన్ పోయేలా చేస్తుంది. వానాకాలంలో ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి వచ్చే లెప్టోస్పైరా కూడా కిడ్నీని కొడుతుంది, కానీ అది ఎక్కువగా హఠాత్తుగా వస్తుంది. ఏటా వ్యాక్సిన్ వేయించాలి. అది మనుషులకూ అంటుతుంది కాబట్టి అనుమానం ఉన్నప్పుడు ఉచ్చ తుడిచేటప్పుడు గ్లౌజులు వేసుకోండి.

బ్రూనో_అమ్మ

పిడుదుల జ్వరం రెండేళ్ల కిందట వచ్చి తగ్గింది. రేపే అడుగుతాను. యూపీసీకి మూత్రం శాంపిల్ ఎలా పట్టాలి? వీడు కాలెత్తే లోపు మనం అందుకోలేం.

లాసన్స్‌బే_అక్క

పొడుగు కాడ ఉన్న గరిటె ఒకటి దానికని పక్కన పెట్టేయండి, వేడినీళ్లతో కడిగి ఆరబెట్టండి. పొద్దున మొదటిసారి కిందికి దింపినప్పుడు వెనకాలే నడవండి. కాలెత్తి మొదలుపెట్టాక ఒక్క క్షణం ఆగి, పక్కనుంచి గరిటె చాపండి. ముందే చాపితే బెదిరి ఆపేస్తారు. మూడు నాలుగు చెంచాలు చాలు. మూతగట్టి డబ్బాలో పోసి వెంటనే ఇచ్చేయండి, ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టండి.

మర్రిపాలెం_జూలీ

ఇంట్లో సెలైన్ ఎక్కిస్తున్నవాళ్లు ఉన్నారా? మా జూలీకి చర్మం కింద ఇవ్వమన్నారు. సూది అంటేనే చేతులు వణుకుతున్నాయి.

గాజువాక_రాకీ

నేర్చుకోవచ్చండి, అందరికీ మొదట అలాగే ఉంటుంది. కాంపౌండర్ గారు రెండుసార్లు ఎదురుగా ఉండి నాతో చేయించారు, తర్వాత నేనే చేసుకున్నాను. రింగర్ లాక్టేట్ బాటిల్‌ను కిటికీ గ్రిల్‌కి తగిలించి, ట్యూబులో గాలి పోయేదాకా కొన్ని చుక్కలు వదలాలి. భుజాల మధ్య వదులు చర్మాన్ని రెండు వేళ్లతో పైకెత్తితే కింద చిన్న ఖాళీ వస్తుంది. సూదిని వెన్నెముకకు సమాంతరంగా ఆ ఖాళీలోకి ఒక్క ఊపున పెట్టాలి. నెమ్మదిగా గుచ్చితేనే నొప్పి. అటువైపు నుంచి సూది బయటికొచ్చి బొచ్చు తడిసిందేమో వేలితో తడిమి చూడండి. అయిపోయాక అక్కడ ఒంటె మూపురంలా లేస్తుంది, కంగారు పడొద్దు. గంటల్లో అది భుజం మీదుగా ముందుకాలికి జారి, మెల్లగా ఇంకిపోతుంది. బాటిల్‌ను కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచి ఇస్తే కుక్క కదలకుండా పడుకుంటుంది.

బాటిల్ మీద డెక్స్‌ట్రోజ్ అని ఉంటే చర్మం కింద ఇవ్వకూడదు. సూది ప్రతిసారీ కొత్తది. ఎంత ఇవ్వాలి, రోజూనా, రోజు విడిచి రోజా అన్నది డాక్టరుగారి మాటే. గుండె జబ్బు కూడా ఉన్న కుక్కకి ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆయాసం కనిపిస్తే వెంటనే ఆపేసి పరుగెత్తండి.

సీతమ్మధార_స్కూబీ

ఎండాకాలం సంగతి కూడా చెప్పండి. మే నెలలో మన ఉక్కపోతకు మామూలు కుక్కలే వగరుస్తాయి.

లాసన్స్‌బే_అక్క

తెల్లారకముందే నడక ముగించాలి. నీళ్ల గిన్నెలు ఇంట్లో మూడుచోట్ల పెట్టండి, వాడు పడుకునేచోట ఒకటి తప్పనిసరి. కారులో వెళ్లినా బాటిల్ వెంట ఉండాలి. ఆర్‌కే బీచ్‌కి తీసుకెళ్తే అలల దగ్గరికి వదలొద్దు, బంతి కోసం దూకి ఉప్పునీళ్లు మింగేస్తారు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకే అది కష్టం. బీచ్‌లో వేయించిన బజ్జీ ముక్క, ఉప్పు పల్లీలు ఎవరో ఒకరు ప్రేమగా పెట్టబోతారు. ఇబ్బందిగా ఉన్నా వద్దని చెప్పాలి. చిరుతిండిగా ఆపిల్, కీరా ముక్కలు సరిపోతాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, అవి బాగున్న కిడ్నీనే పాడు చేస్తాయి.

బ్రూనో_అమ్మ

అందరికీ అప్‌డేట్. యూపీసీ 1.1 వచ్చింది, 0.5 దాటితే ఎక్కువే అన్నారు. బీపీ 170. దానికి మందు మొదలుపెట్టారు. వికారం మందు పడ్డాక రెండోరోజే గిన్నె దగ్గర నిలబడ్డాడు. ఇప్పుడు మూడొంతుల్లో రెండొంతులు రీనల్ ఫుడ్, ఒక వంతు తెల్లన్నం, తెల్లసొన, నెయ్యి తింటున్నాడు. బైండర్ అన్నంలోనే కలుపుతున్నాను. అత్తయ్యగారికి మీ మెసేజ్‌లు చదివి వినిపించాను. ఇప్పుడు గుడ్డు పెంకులు కడిగి ఎండబెట్టే పని ఆవిడే తీసుకున్నారు, పెంకుపొడి ఎంతో డాక్టరుగారు రాసిచ్చారు. ఫాస్ఫరస్ 5.2కి దిగింది. క్రియాటినిన్ 3.1. తగ్గినట్టేనా?

పెందుర్తి_పశువైద్యురాలు

ఫాస్ఫరస్ దిగడం నిజంగా మంచి కబురు. ఇంకొంచెం తగ్గాలి. క్రియాటినిన్ విషయంలో మాత్రం వాడి బరువు కూడా పక్కన రాసుకోండి. క్రియాటినిన్ కండ నుంచి పుడుతుంది, కండ కరిగినా అంకె తగ్గుతుంది. బరువు నిలబడి అంకె తగ్గితే సంతోషించవచ్చు. అనుమానంగా ఉంటే ఎస్‌డీఎంఏ అనే ఇంకో రక్తపరీక్ష అడగండి, అదీ కిడ్నీ పనితీరునే చూపిస్తుంది గానీ కండ మీద అంతగా ఆధారపడదు. బీపీ 160 లోపు ఉండేలా చూడాలి, ఎక్కువైతే కంటి వెనక పొర ఊడి హఠాత్తుగా చూపు పోతుంది. చిగుళ్లు పాలిపోతున్నాయేమో వారానికోసారి చూడండి. రక్తం తయారవడానికి కావలసిన హార్మోన్ కిడ్నీ నుంచే వస్తుంది, కాబట్టి ఈ కుక్కలకు రక్తహీనత వస్తుంది.

బ్రూనో_అమ్మ

బరువు 200 గ్రాములు పెరిగాడండి! ఇంకొక్క ప్రశ్న. వెనక కాళ్లు కుంటుతున్నాడు. పాత ప్రిస్క్రిప్షన్‌లోని మెలోక్సికామ్ ఇంట్లో ఉంది. వేయొచ్చా?

పెందుర్తి_పశువైద్యురాలు

వేయొద్దు. మెలోక్సికామ్, కార్‌ప్రోఫెన్ లాంటి నొప్పి మందులు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. మనుషుల ఐబూప్రోఫెన్, పారాసెటమాల్ కూడా ముట్టుకోవద్దు. కిడ్నీకి ఇబ్బంది లేని నొప్పి మందులు వేరే ఉన్నాయి, మీ డాక్టరుగారు రాస్తారు. ఇంట్లో నున్నటి టైల్స్ ఉంటే వాడు నడిచే దారిలో గోనె పట్టాలు పరవండి, కాళ్లు జారకుండా ఉంటే నొప్పి సగం తగ్గుతుంది.

సింహాచలం_టామీ

చదువుతుంటే మా టామీ కూడా నీళ్లు ఎక్కువ తాగుతోందనిపిస్తోంది. ఏడేళ్లు. ఏ పరీక్షలు చేయించాలి?

గాజువాక_రాకీ

ముందు ఇంట్లోనే కొలవండి టామీ గారూ. పొద్దున కొలిచి పోసి, మర్నాడు అదే సమయానికి మిగిలింది తీసేయండి. కిలో బరువుకి రోజుకు 100 మిల్లీలీటర్లు దాటి తాగుతుంటే ఎక్కువ అన్నట్టే. షుగర్ వల్ల, గర్భసంచి చీము వల్ల కూడా అలా తాగుతారు. ఆడకుక్క, ఆపరేషన్ కాలేదంటే ఆలస్యం చేయకండి. రక్తపరీక్షతోపాటు మూత్రం సాంద్రత కూడా చూడమనండి, కిడ్నీలో నాలుగింట మూడొంతులు పోయేదాకా క్రియాటినిన్ పెద్దగా కదలదు.

సింహాచలం_టామీ

ఆడదే. ఆపరేషన్ చేయించలేదు. సాయంత్రమే తీసుకెళ్తాను. థాంక్యూ అండి.

మర్రిపాలెం_జూలీ

మా జూలీ తినని రీనల్ టిన్నులు నాలుగు ఉన్నాయి, ఎక్స్‌పైరీకి ఇంకా టైముంది. బ్రూనో తింటాడంటే ఆదివారం ఎంవీపీ రైతుబజారుకి వస్తాను, అప్పుడు తెస్తాను.

బ్రూనో_అమ్మ

తప్పకుండా తీసుకుంటానండి. రైతుబజారు గేటు దగ్గర ఏడింటికి ఉంటాను.